పాత పుస్తకాన్ని ఎవరు తగలబెట్టాలి?

ఆ రాత్రి అలారం మోగేసరికి పదకొండు దాటింది. కొండాపూర్ వైపు మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్ సముదాయం. రెండో బ్లాకు కరెంటు ప్యానెల్ గదిలోంచి పొగ వచ్చింది. ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపేశాక అది ఆగిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ముందు గేటు గార్డు జనాన్ని లాన్‌లోకి పంపుతుంటే, వెనక గేటు గార్డు మిగతా సగాన్ని సెల్లార్ ర్యాంపు పక్కకి పంపాడు. కిందటి ఏడాది కొత్త డీజిల్ జనరేటర్ పెట్టింది అక్కడే. పిల్లల్ని చంకనేసుకుని జనం డీజిల్ డ్రమ్ముల మధ్య నిలబడ్డారు. ఒకావిడ అక్కడ, ఆవిడ భర్త లాన్‌లో. ఫోన్లు ఇంట్లోనే ఉండిపోయాయి. ఒకరికోసం ఒకరు వెతుక్కుంటూ ఇద్దరూ మళ్ళీ పొగ ఉన్న బ్లాకులోకే వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే సెక్యూరిటీ ఏజెన్సీ యజమాని ఫోన్ చేశాడు. వెనక గేటు గార్డును తీసేస్తున్నానని, దానికి ముందు నన్నొకసారి వచ్చి చూడమని. వెళ్ళాను. ఆ గార్డుది పాలమూరు వైపు, యాభై దాటిన మనిషి, ఏళ్ళ తరబడి అదే గేటు. "నేనేం తప్పు జేసిన సాబ్? గోడకు ఏం రాసి పెట్టిండ్రో గదే జేసిన" అన్నాడు. గోడ చూశాను. నిజమే. లామినేషన్ చేసిన కాగితం మేకుకి వేలాడుతోంది. అలారం మోగితే అందరినీ వెనక ర్యాంపు పక్క ఖాళీ జాగాలో నిలబెట్టాలని ఉంది. తేదీ లేదు, సంతకం లేదు. జనరేటర్ రాకముందు అది ఖాళీ జాగాయే.

ముందు గేటు ఫైలులో ఉన్న కాగితం లాన్ అంటోంది. సూపర్‌వైజర్ ఫోన్‌లో ఉన్న ఫొటో క్లబ్ హౌస్ అంటోంది. ఆఫీసు బీరువాలో స్పైరల్ బైండింగ్ మాన్యువల్ ఒకటి కొత్తగా మెరుస్తోంది. అందులో అసెంబ్లీ పాయింట్, అంటే జనం చేరాల్సిన చోటు, అన్న దగ్గర వేరే కాంప్లెక్స్ పేరుంది. ఎవరో అక్కణ్ణించి కాపీ కొట్టి పేరు మార్చడం మరిచిపోయారు. ఐదోది రాత్రి షిఫ్టు వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే నోటిమాట. ఒక ప్రశ్నకి ఐదు జవాబులు, ఏది చెల్లుతుందో చెప్పే మనిషి లేడు.

తీసేయాల్సింది గార్డును కాదు, గోడ మీద కాగితాన్ని అన్నాను. "అయితే ఆ పని మీరే చెయ్యండి సుబేదార్ గారూ" అన్నాడు యజమాని. అలా నా మెడకి చుట్టుకుంది.

గమ్ సీసా చదువు

నేను సైన్యంలో క్లర్కుగా చేరి సుబేదార్‌గా బయటికొచ్చాను. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాను. తుపాకీ కంటే స్టాంపు ప్యాడే ఎక్కువ పట్టుకున్నానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది, అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఒక ట్రైనింగ్ స్కూల్లో ప్యాంప్లెట్ల గది, అంటే సైన్యం పద్ధతుల పుస్తకాలుండే గది, కొన్నేళ్ళు నా చేతిలో ఉండేది. పై నుంచి సవరణ చీటీలు వచ్చేవి. ఫలానా ప్యాంప్లెట్, ఫలానా పేరా, పాతది కొట్టేసి కొత్తది అతికించు అని. గమ్ సీసా, కత్తెర, స్కేలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. పుస్తకం మొదట్లో సవరణల పట్టిక ఉంటుంది. ఎన్నో నంబరు సవరణ, ఎప్పుడు అతికించారు, ఎవరు అతికించారు, సంతకం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు పుస్తకంలో విషయం చదవడు, నేరుగా ఆ పట్టిక తెరుస్తాడు. అప్పట్లో నాకది గుమాస్తా చాదస్తంలా అనిపించేది.

రహస్య ముద్ర ఉన్న పాత పుస్తకాలైతే ఇంకా తతంగం. చించి పారేయడానికి వీల్లేదు. బోర్డు కూర్చోవాలి, ప్రతి నంబరు సరిచూడాలి, కళ్ళ ముందు కాల్చాలి, బూడిదని కర్రతో కెలకాలి, డిస్ట్రక్షన్ సర్టిఫికెట్ మీద అందరూ సంతకం పెట్టాలి. కొత్త పుస్తకం వచ్చిన రోజు కంటే పాత పుస్తకం పోయిన రోజుకే కాగితాలు ఎక్కువ. ఆ గోడ మీద లామినేషన్ చూశాకగానీ దాని విలువ నాకు తలకెక్కలేదు.

మా ఇంటికి దగ్గర్లోనే సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. 1970లో పెట్టారు. మూడు దళాల ఆఫీసర్లు మేనేజ్‌మెంట్ చదువుకునేది అక్కడే. నా చదువు మాత్రం దాని గేటు ముందు నుంచి కూరగాయలకి వెళ్ళడం వరకే. డాక్ట్రిన్ గురించి నాకు తెలిసిందంతా మొదట గమ్ సీసా నేర్పింది. రిటైరయ్యాక ఫోన్‌లో చదువుకున్నది ఆ తర్వాత. అమెరికా సైన్యం తన పుస్తకాల్లో చాలా వాటిని బయటే పెడుతుంది కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అక్కణ్ణించే వస్తాయి.

డాక్ట్రిన్ అంటే మనవాళ్ళు సైనిక సిద్ధాంతం అని రాస్తారు. ఆ మాట వింటే ఏదో వేదాంతంలా ఉంటుంది. నిజానికి అది, ఒకే ప్రశ్నకి వెయ్యిమంది విడివిడిగా ఉన్నా ఒకే తీరుగా ఆలోచించడానికి రాసిపెట్టుకున్న పద్ధతి. అమెరికన్ల నిర్వచనం చివర్లో ఒక ముక్క నాకు బాగా నచ్చింది. అది అధికారికమే, కానీ అమలు చేసేటప్పుడు విచక్షణ కావాలి అంటుంది. వాళ్ళు ఇంకో గీత కూడా గీస్తారు. ట్యాక్టిక్స్, టెక్నిక్స్ అనేవి దారి చూపించేవి, మనిషి పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చు. ప్రొసీజర్ అంటే మాత్రం చెప్పింది చెప్పినట్టు చేయాల్సింది. రేడియోలో గాయపడినవాడి కోసం హెలికాప్టర్ అడిగేటప్పుడు సొంత కవిత్వం కుదరదు. కొండ ఎక్కే దారి ఎంచుకునేటప్పుడు పుస్తకం పట్టుకు వేలాడినా కుదరదు.

ఆ అపార్ట్‌మెంట్ కాగితాల్లో ఈ గీతే లేదు. "సందర్శకులతో మర్యాదగా ఉండాలి" అన్నదీ, "ఫైర్ పంపు వాల్వు ఎడమకి తిప్పాలి" అన్నదీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

మొదటి పుస్తకం, నేనొక్కణ్ణే రాసింది

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మూడు వారాలు ఇంట్లో కూర్చుని అరవై పేజీల పుస్తకం రాశాను. సైన్యం తరహాలో పేరాలకి నంబర్లు, అనుబంధాలు, పొట్టి అక్షరాల పట్టిక. యజమానికి తెగ నచ్చింది. ప్రింటు వేసి ప్రతి గేటుకీ ఒకటి ఇచ్చాం. నెల తర్వాత వెళ్ళి చూస్తే వెనక గేటు క్యాబిన్‌లో దాని మీద టిఫిన్ డబ్బా పెట్టి ఉంది. ముందు గేటు అబ్బాయి మొహమాటపడుతూ "చదివిన సార్, మంచిగుంది" అన్నాడు. అలారం మోగితే ఏం చేస్తావంటే మళ్ళీ పాత జవాబే.

ఇదే తప్పు నాకంటే చాలా పెద్దవాళ్ళు చేశారు. అమెరికా సైన్యం 1973 జులైలో ట్రెయినింగ్ అండ్ డాక్ట్రిన్ కమాండ్ పెట్టింది. దానికి మొదటి అధిపతి జనరల్ విలియం డిప్యూయ్. ఆ అక్టోబర్‌లోనే అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది, కొత్త యాంటీ ట్యాంక్ మిస్సైళ్ళు ట్యాంకుల్ని ఎంత త్వరగా మింగేస్తాయో అందరూ చూశారు. డిప్యూయ్ ఒక చిన్న బృందాన్ని దగ్గర పెట్టుకుని, చాలా భాగం తన చేతి మీదుగానే, 1976లో ఎఫ్ఎం 100-5 అనే ఫీల్డ్ మాన్యువల్ తెచ్చాడు. అందులోని పద్ధతికి యాక్టివ్ డిఫెన్స్ అని పేరు. పుస్తకం పదునైనదే. కానీ సైన్యం దాన్ని తనదిగా తీసుకోలేదు. ఇది మరీ కాచుకుని కూర్చునే యుద్ధంలా ఉందని, తుపాకుల లెక్కలే తప్ప మనిషి చొరవకి చోటేదని ఆఫీసర్లు తమ పత్రికల్లోనే వాదులాడుకున్నారు. తర్వాత వచ్చిన జనరల్ డాన్ స్టారీ కాలంలో తిరగరాయడం మొదలైంది. రాసే పని లెవెన్‌వర్త్‌లోని స్టాఫ్ కాలేజీ ఆఫీసర్ల చేతికి వెళ్ళింది. ముసాయిదాలు తిరిగాయి, గదుల నిండా వాదనలు జరిగాయి. 1982లో ఎయిర్‌ల్యాండ్ బ్యాటిల్ అనే పద్ధతితో కొత్త పుస్తకం వచ్చింది. ఆరేళ్ళకే పాతది అటకెక్కింది.

డిప్యూయ్ పుస్తకాన్నే పక్కన పెట్టినప్పుడు నా పుస్తకం టిఫిన్ డబ్బా కిందకి వెళ్ళడంలో వింతేముంది.

రెండోసారి ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. పాలమూరు గార్డు, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు, పగటి షిఫ్టు లేడీ గార్డు, సూపర్‌వైజర్, అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ. మా కోడలు కూడా వచ్చింది. తను మాదాపూర్‌లో టెక్నికల్ రైటర్. "మామయ్యా, అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లో పెడితే ఎవరికి తోచింది వాళ్ళు మార్చేస్తారు కదా" అంది. 2009లో అమెరికా సైన్యం సరిగ్గా ఇదే చేసింది. ఏడు ఫీల్డ్ గైడ్లని వికీలా తెరిచి, ఐడీ ఉన్న సైనికులెవరైనా లాగిన్ అయి దిద్దవచ్చంది. అనుకున్నంత స్పందన రాలేదు. తెలిసిన సంగతే అయినా, కోడలి మాట కొట్టేయడం ఎందుకని మేమూ వాట్సాప్ గ్రూపులో ముసాయిదా పెట్టాం. వారంలో ఇరవై బొటనవేళ్ళు, నాలుగు గుడ్ మార్నింగ్‌లు వచ్చాయి. సవరణ ఒక్కటీ రాలేదు.

తర్వాత టీ ఫ్లాస్కు పట్టుకుని గేటు గేటుకీ తిరిగాను. పేజీ చదివి వినిపించి "ఇది రాత్రి రెండింటికి జరిగితే ఏమవుతుంది?" అని అడిగాను. అప్పుడు వచ్చాయి మాటలు.

వాటిని రాసుకోవడానికి అమెరికా సైన్యం వాడే పట్టికనే వాడాను. వాళ్ళ దగ్గర ముసాయిదా అన్ని శాఖలకీ తిరుగుతుంది. వచ్చిన ప్రతి వ్యాఖ్యా నాలుగు రకాల్లో ఒకటిగా గుర్తు పెట్టుకుని వస్తుంది. క్రిటికల్ అంటే ఇది సరిచేయకపోతే మేం ఒప్పుకోం అని. మేజర్ అంటే పెద్ద పొరపాటు. సబ్‌స్టాంటివ్ అంటే తప్పులాంటిదో, అసంపూర్ణంగా ఉన్నదో. అడ్మినిస్ట్రేటివ్ అంటే కామాలు, స్పెల్లింగులు. ప్రతిదానికీ ఎదురుగా ఒప్పుకున్నాం, కొంత ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు, ఎందుకంటే అని రాయాలి. ఆ "ఎందుకంటే" గడి ఖాళీగా వదలకూడదు. నా దృష్టిలో మొత్తం వ్యవస్థకి ప్రాణం ఆ గడే. సలహా ఇచ్చినవాడికి తన మాట ఏమైందో తెలియకపోతే రెండోసారి నోరు విప్పడు.

సంఘం సెక్రటరీ ఇచ్చిన వ్యాఖ్యలు దాదాపు అన్నీ కామాలే. క్రిటికల్ ఇచ్చింది లేడీ గార్డు. మెట్లలో పొగ ఉంటే పై అంతస్తుల వాళ్ళు టెర్రస్ మీదికి వెళ్ళాలని రాశాం. "టెర్రస్ తలుపుకి తాళం సార్. తాళంచెవి లిఫ్ట్ మెయింటెనెన్స్ ఆయన దగ్గరుంటది, ఆయన సాయంత్రం ఆరింటికే పోతడు" అంది. అరవై పేజీల పుస్తకంలో నేను మూడుచోట్ల టెర్రస్ అని రాశాను. ఒక్కసారీ ఆ తలుపు దాకా ఎక్కి చూడలేదు.

ఒక మాట, రెండు అర్థాలు

ఒడిశా కుర్రాడి వ్యాఖ్య చిన్నదే కానీ నాకు ఒక రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. "సెల్లార్ క్లియర్ చెయ్యమంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు. అక్కడున్న అందర్నీ అడిగాను. మాజీ సైనికులైన గార్డులకి క్లియర్ చేయడమంటే లోపలికి వెళ్ళి మూలమూలా చూసి, ఎవరూ లేరని ఖాయం చేసి చెప్పడం. మిగతావాళ్ళకి, బయట నిలబడి విజిల్ వేసి జనాన్ని పొమ్మనడం. ఒక సూపర్‌వైజర్‌కి కార్లు తీయించడం! వాకీటాకీలో "సెల్లార్ క్లియర్" అని వినబడితే లోపల మనిషి లేడనుకుని షట్టర్ దించేసేవాడు కూడా ఉంటాడు.

సైన్యాలు పదాల మీద ఎందుకంత పట్టుదలగా ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది. అమెరికన్ మాన్యువల్స్‌లో ప్రతి పదానికీ ఒక సొంతిల్లు ఉంటుంది. ఏ పుస్తకం ఆ పదానికి యజమానో పదకోశంలో నక్షత్రం గుర్తుతో (*) చూపిస్తారు. మిగతా పుస్తకాలు అక్కణ్ణించి అరువు తెచ్చుకోవాలే తప్ప తమ సొంత అర్థం చెప్పకూడదు. మేం పదకొండు పదాల పట్టిక రాసుకున్నాం. "క్లియర్" అన్న మాటని పూర్తిగా నిషేధించి "చూశాను, ఎవరూ లేరు" అన్న మూడు మాటలు పెట్టాం. గార్డుల్లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, అస్సామీలు, బీహారీలు ఉన్నారు. పుస్తకం తెలుగులో, హిందీలో వేశాం. రెండింటికీ తేడా వస్తే తెలుగు ప్రతిదే చెల్లుబాటు అని మొదటి పేజీలో రాశాం. అది రాయడానికి సెక్రటరీ గారితో అరగంట వాదన. ఆయనకి ఇంగ్లీషు ప్రతి కావాలి. చదివే గార్డు ఎవరో చూపించమన్నాను.

మూడు పొరలు

నా పాత అరవై పేజీలు మూడు పొరలుగా విడిపోయాయి. పైన ఒక్క పేజీ, సూత్రాలు. మధ్యలో పద్దెనిమిది పేజీల చేతిపుస్తకం. కింద ఒక్కో గేటుకి, ఒక్కో పోస్టుకి ఒక్కో కార్డు. కార్డు ప్రొసీజర్, అక్షరం మారకూడదు. పై పేజీలో మాత్రం ఇలాంటివి ఉన్నాయి: పొగ, నీళ్ళు, కరెంటు, ఇంధనం ఉన్న వైపుకి జనాన్ని పంపకూడదు, కార్డు ఏం చెప్పినా సరే. కార్డుని దాటాల్సి వస్తే దాటు, కానీ దాటిన సంగతి వెంటనే వాకీటాకీలో చెప్పు.

ఈ రెండు వాక్యాలు ఆ రాత్రి ఉండి ఉంటే పాలమూరు గార్డు జనరేటర్ చూసి ఆగేవాడని నా నమ్మకం. అతను తెలివితక్కువవాడు కాదు. కాగితాన్ని దాటే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

మొదట మేం వేసింది నాలుగు పొరలు. సూత్రాల పేజీకి, చేతిపుస్తకానికి మధ్య వివరణ పుస్తకం ఒకటి. రెండు నెలల్లోనే తెలిసింది, అవే వాక్యాలు రెండు చోట్లా ఉన్నాయి. ఒకచోట మార్చాం, రెండోచోట మరిచాం. కోడలు నవ్వింది. "మేం ఆఫీసులో రోజూ పడే బాధ ఇదే మామయ్యా. ఒక వాక్యం ఒక్కచోటే ఉండాలి" అంది. అమెరికా సైన్యానికీ ఇదే అనుభవం. 2011 ప్రాంతంలో వాళ్ళు డాక్ట్రిన్ 2015 అనే పేరుతో పుస్తకాల అడవిని కొట్టి పొరలు వేశారు. పైన ఏడీపీ అనే పలచని పుస్తకాలు, వాటికి జంటగా వివరంగా ఏడీఆర్పీలు, కింద ఫీల్డ్ మాన్యువల్స్, ఇంకా కింద టెక్నిక్స్ చెప్పే ఏటీపీలు. 2019 వచ్చేసరికి ఏడీఆర్పీ పొరని తీసేసి ఏడీపీల్లో కలిపేశారు. మేమూ కలిపేశాం.

సంతకం ఎవరిది అన్న దగ్గర పని పది రోజులు ఆగిపోయింది. యజమాని నన్నే పెట్టమన్నాడు. కుదరదన్నాను. అమెరికన్ పుస్తకాల ముందుమాటలో ఈ ప్రచురణకి ప్రొపోనెంట్ ఫలానా కార్యాలయం అని ఉంటుంది. అంటే ఇందులో తప్పుంటే అడగాల్సింది వీళ్ళని అని. రాసినవాడు బదిలీ అయి వెళ్ళిపోతాడు, ప్రొపోనెంట్ కుర్చీ వెళ్ళదు. మన సైన్యంలోనూ అందుకే ఒక గడప ఉంది. ఆర్మీ ట్రైనింగ్ కమాండ్ 1991లో మధ్యప్రదేశ్‌లోని మౌలో మొదలై 1993లో సిమ్లాకి మారింది. 2004లో వచ్చిన ఆర్మీ డాక్ట్రిన్ దాని చేతుల మీదుగానే వెలువడింది. మూడు దళాలకీ కలిపి రాయాల్సినవి ఢిల్లీలోని ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్ నుంచి వస్తాయి, 2017 ఏప్రిల్ నాటి ఉమ్మడి డాక్ట్రిన్ అలా వచ్చిందే. చివరికి ఏజెన్సీలో ఆపరేషన్స్ మేనేజర్ పోస్టుని ప్రొపోనెంట్ చేశాం. మనిషి పేరు రాయలేదు, పోస్టు పేరే రాశాం.

బయట పెట్టడమా, దాచడమా అన్న ప్రశ్న కూడా వచ్చింది. సెక్రటరీ గారు పుస్తకం మొత్తం లిఫ్టుల్లో అంటిద్దామన్నారు. అందులో ఏ తాళం ఎక్కడుంటుందో, ఏ మూల కెమెరాకి అందదో కూడా ఉంది! 2004 డాక్ట్రిన్‌లో ఒక భాగాన్నే బయటికిచ్చి మిగతాది లోపల పెట్టుకోవడానికి కారణం ఇలాంటిదే. ఈ గీత కాలాన్ని బట్టి జరుగుతుంది కూడా. సైబర్ ఆపరేషన్ల ఉమ్మడి డాక్ట్రిన్ 2024 జూన్‌లో వస్తే, దాన్ని అందరూ చదివేలా 2025 ఆగస్టులో బయటపెట్టారు. మేం సూత్రాల పేజీని లిఫ్టుల్లో అంటించాం. కార్డులు గేటు దాటవు.

మేకు పీకిన రోజు

ఇక అసలు పని. కొత్త కార్డులు చిక్కడపల్లిలో ప్రింటు వేయించాం. ప్రతి కార్డు కిందా "ఈ కార్డు దీనికి ముందున్న అన్ని కాగితాలనూ రద్దు చేస్తుంది" అని ఒక లైను. అమెరికన్ మాన్యువల్స్ మీద కూడా ఇది ఏ పుస్తకాన్ని రద్దు చేస్తోందో తేదీతో సహా రాసి ఉంటుంది. కానీ రద్దు అని రాస్తే రద్దు కాదని ఏ క్లర్కునడిగినా చెబుతాడు.

అందుకని కాగితానికి కాగితం అన్నాం. పాతది చేతికిస్తేనే కొత్తది. ఒక ఆదివారం పొద్దున్న బోర్డు కూర్చుంది. నేను, ఆపరేషన్స్ మేనేజర్, పాలమూరు గార్డు. ఆయన్ని కావాలనే పెట్టాను. మేకు పీకింది ఆయనే. మూడు బ్లాకులు, సెల్లార్, పంపు హౌస్, క్లబ్ హౌస్ తిరిగితే పాత కాగితాలు పదిహేడు దొరికాయి. మేం లెక్కేసుకున్నవి తొమ్మిదే. ఒకటి ఫైర్ పంపు గదిలో దేవుడి పటం కింద పరిచి ఉంది. లామినేషన్ కాలిస్తే కంపు, అందుకని కత్తెరతో ముక్కలు చేసి, జాబితా మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. యజమాని ఆ సర్టిఫికెట్ చూసి నవ్వాడు. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళ సర్వేయర్ వచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి కాగితం అదే.

ఫోన్లలో ఉన్న ఫొటోల్ని మాత్రం చంపలేకపోయాం. డిలీట్ చేయమంటే చేస్తారు, మళ్ళీ ఏదో గ్రూపులోంచి దిగుతాయి. ఒక చిన్న ఉపాయం పనిచేసింది. కార్డు అంచుకి ఏడాదికో రంగు. ఈ ఏడాది ఆకుపచ్చ. షిఫ్టు మారేటప్పుడు సూపర్‌వైజర్ ఒక్కటే అడుగుతాడు, "ఏ రంగు?" ఫొటో చూసి చెప్పేవాడు పాత రంగు చెబుతాడు, దొరికిపోతాడు.

కార్డు వెనక సూచన చీటీ ఉంది. ఇది నేరుగా దొంగిలించిందే. అమెరికన్ మాన్యువల్ ఏది తెరిచినా తప్పులుంటే డీఏ ఫారం 2028 మీద రాసి పంపమని ఉంటుంది, ఏ సిపాయైనా పంపవచ్చు. ఆ దారి ఇరుకైతే ఏమవుతుందో సికింద్రాబాద్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి 54వ డివిజన్ 1987 జులై చివర్లో శ్రీలంకకి వెళ్ళింది, శాంతి కాపాడే పని మీద. అక్టోబర్ వచ్చేసరికి జాఫ్నా వీధుల్లో, పాతిపెట్టిన బాంబుల మధ్య, ఊరి జనంలో కలిసిపోయిన శత్రువుతో పోరాడాల్సి వచ్చింది. ఆ తరహా పోరాటం తెలిసినవాళ్ళు సైన్యంలో లేక కాదు. నాగాలాండ్, మిజోరం అనుభవం ఉంది, మిజోరంలోని వైరెంగ్టేలో దానికోసమే స్కూలు ఉంది. కానీ ఆ తెలివి స్కూళ్ళలో, ప్యాంప్లెట్లలో, వెళ్ళొచ్చిన మనుషుల తలల్లో ఉంది. ఇలాంటి, మామూలు యుద్ధం కాని పోరాటాల మీద సబ్ కన్వెన్షనల్ ఆపరేషన్స్ డాక్ట్రిన్ అని మొత్తం సైన్యానికీ ఒక పుస్తకం సిమ్లా నుంచి వచ్చింది 2006 డిసెంబర్‌లో. ఇరాక్‌లో చేతులు కాల్చుకున్న అమెరికా సైన్యం తన తిరుగుబాటు వ్యతిరేక మాన్యువల్ ఎఫ్ఎం 3-24 విడుదల చేసిందీ అదే నెలలో. అనుభవం పుస్తకంలోకి ఎక్కడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్కేస్తే నాకు మాట రాదు. జాఫ్నా వెళ్ళొచ్చిన ఒక హవల్దార్ నాతో పనిచేశాడు. ఆయన చెప్పినవి నేనూ ఏ ఫారం మీదా రాయలేదు.

మొదటి ఆరు నెలల్లో మాకు ఇరవై రెండు చీటీలు వచ్చాయి. పదమూడు ఒప్పుకున్నాం. మిగతా వాటికి కారణం రాసి తిప్పి పంపాం. ఒకటి మాత్రం పెద్దది. వీల్‌చైర్‌లో ఉన్న పెద్దాయన్ని నాలుగో అంతస్తు నుంచి ఎలా దించాలో కార్డులో లేదని రాశారు. దానికి చిన్న సవరణ సరిపోదు. ఎవరు మోయాలి, ఏ మెట్ల వైపు, ఆయన ఇంట్లో ఒక్కరే ఉంటే ఎవరికి తెలియాలి, అన్నీ తేలాలి. రెండుసార్లు కుర్చీతో మెట్లు దిగి చూశాం. మొదటిసారి మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుంది. కూర్చున్నది నేనే కాబట్టి ఎవరినీ తిట్టలేకపోయాను.

డ్రిల్లు రెండు జరిగాయి. మొదటిదాంట్లో జనం ఒక్క లాన్‌లోకే వచ్చారు కానీ లెక్క తేలలేదు, ఎవరింట్లో ఎంతమందో జాబితా పాతది. రెండోదాంట్లో లెక్క తేలింది. వెనక గేటు దగ్గర పాలమూరు గార్డు జనాన్ని లాన్ వైపు తిప్పడం నేను పక్కనుండి చూశాను. అలారం మోగిన క్షణంలో ఆయన చెయ్యి ముందు ర్యాంపు వైపే లేచింది. మధ్యలో ఆగి, ఇటు తిరిగింది. "పాతది యాదికొస్తది సాబ్" అన్నాడు తర్వాత, బీడీ ముట్టించుకోబోయి నన్ను చూసి జేబులో పెట్టుకుంటూ. అందుకని డ్రిల్లు ఏడాదికి రెండు కాదు, నాలుగు చేయాలని ప్రొపోనెంట్‌కి చీటీ రాశాను. ఖర్చు ఎక్కువని ఆయన మూడుకి ఒప్పుకున్నాడు. కారణం గడిలో రాశాడు కూడా.

రెండో ఎడిషన్ ఉగాదికి వస్తుంది, అంచు నారింజ రంగు. వీల్‌చైర్ కార్డు తయారైంది. టెర్రస్ తాళంచెవి ఇప్పుడు గాజు డబ్బాలో, తలుపు పక్కనే ఉంది. హిందీ ప్రతి ఇంకా ప్రెస్‌లోనే ఉంది. ప్రూఫులో "చూశాను, ఎవరూ లేరు" అన్నచోట ఎవరో మంచి ఉద్దేశంతోనే మళ్ళీ "క్లియర్" అని పెట్టారు. ఎర్ర పెన్నుతో కొట్టేసి పంపాను.